ప్రభుత్వం లేకున్నా జీతాలు పడ్డ దేశం, ప్రభుత్వం ఉండీ జీతాలు ఆగిన దేశం. ఇదెలా?

కృష్ణలంక_కుర్రాడు | 16 నవంబరు 2025, రాత్రి 9:40

గ్రూప్-2కి పాలిటీ చదువుతున్నాను. ఒకచోట బండి ఆగిపోయింది.

బెల్జియంలో 2010 జూన్ 13న ఎన్నికలు జరిగితే కొత్త ప్రభుత్వం 2011 డిసెంబరు 6న గానీ రాలేదట. 541 రోజులు! అన్నాళ్లూ రైళ్లు తిరిగాయి, బడులు నడిచాయి, పింఛన్లు పడ్డాయి. అమెరికాలో చూస్తే అధ్యక్షుడున్నాడు, మంత్రులున్నారు, రెండు సభలూ ఉన్నాయి. అయినా అక్టోబరు 1 నుంచి మొన్న 12వ తేదీ దాకా 43 రోజులు ‘ప్రభుత్వం మూత’ అన్నారు. లక్షల మందికి జీతాల్లేవు.

లేనిచోట అంతా నడిచి, ఉన్నచోట ఆగిపోవడమేంటి? నా పుస్తకంలో పార్లమెంటరీ విధానం ఒక పక్క, అధ్యక్ష తరహా ఒక పక్క పెట్టి పట్టిక వేసి వదిలేశారు. బట్టీ పట్టాను గానీ ఈ ముడి విడలేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సూటిగా_చెప్తా | 9:52

ఇందులో ముడేముంది బ్రదర్. బెల్జియం అంటే పాత అనంతపురం, నెల్లూరు జిల్లాలు కలిపితే వచ్చేంత దేశం. అంత చిన్నదానికి ప్రభుత్వం ఉన్నా లేకున్నా ఒకటే. మనకు కావాల్సింది అమెరికా పద్ధతి. ఒక్కసారి గెలిచాడా, నాలుగేళ్లు ఎవడూ కదపలేడు. ఈ పొత్తులు, అలకలు, క్యాంపు రాజకీయాలు ఉండవు.

ఘెంట్_గుంటూరోడు | 10:31

నేను 2009లో మాస్టర్స్‌కి బెల్జియం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఆ 541 రోజులూ చూసినవాణ్ని కాబట్టి చెప్తున్నా.

ముందు ఒక సవరణ. ‘ప్రభుత్వం లేదు’ అని పేపర్లు రాశాయి గానీ, లేనిది కొత్త ప్రభుత్వం. పాత ప్రధాని ఈవ్ లెటెర్మ్ ఆపద్ధర్మ ప్రధానిగా కొనసాగాడు. పెద్ద విధానాల జోలికి పోకూడదు, రోజువారీ పనులు చూడాలి, అంతే. అంతే అంటాం గానీ ఆ మనిషి ఏమేం చేశాడో చూడండి. 2010 చివరి ఆరు నెలలు యూరోపియన్ యూనియన్ మండలికి అధ్యక్ష బాధ్యత బెల్జియందే, నడిపించాడు. 2011 మార్చిలో పార్లమెంటు ఒప్పుకోలుతో లిబియా మీదికి ఎఫ్-16 విమానాలు పంపాడు. ఆపద్ధర్మ ప్రభుత్వం యుద్ధానికి పోయింది సార్!

రెండోది, ఇక్కడ ప్రభుత్వం ఒకటి కాదు. దేశం మొత్తానికి ఫెడరల్ ప్రభుత్వం ఉంటుంది. దాని కింద డచ్ మాట్లాడే ఫ్లాండర్స్‌కి ఒకటి, ఫ్రెంచి మాట్లాడే వలోనియాకి ఒకటి, బ్రసెల్స్‌కి ఒకటి, ఫ్రెంచి భాషా సముదాయానికి ఒకటి, తూర్పు అంచున ఉన్న కొద్దిమంది జర్మన్ భాషీయులకు ఒకటి. బడి, బస్సు, రోడ్డు వాళ్ల చేతిలో ఉంటాయి. అవేవీ పడిపోలేదు కదా, మరి బడి ఎందుకు మూస్తారు?

అసలు పేచీ వేరే. ఆ ఎన్నికల్లో 150 సీట్లలో అందరికంటే పెద్ద పార్టీకి వచ్చినవి 27. ఫ్లాండర్స్‌కి మరిన్ని అధికారాలు కావాలనే పార్టీ అది. రెండోదానికి 26, అది ఫ్రెంచి వైపు సోషలిస్టులది. పైగా మంత్రివర్గంలో డచ్ వాళ్లు, ఫ్రెంచి వాళ్లు సమానంగా ఉండాలని రాజ్యాంగం. బ్రసెల్స్ చూస్తే చుట్టూ ఫ్లాండర్స్, ఊళ్లో ఎక్కువమంది మాట్లాడేది ఫ్రెంచి. ఆ ఊరికీ చుట్టుపక్కల పల్లెలకూ కలిపి ఉన్న ఒక నియోజకవర్గాన్ని విడగొట్టాలా వద్దా అన్నదగ్గర ఏడాది గడిచిపోయింది.

పాలమూరు_బండి | 10:38

రాజధాని ఎవరిదనే లొల్లి! ఇది మాకు తెల్వని కథ కాదన్నా.

నిర్వాహకుడు | 10:44

ఆ దారిలోకి వెళ్లొద్దు. 2014 గురించి పాత చర్చ 212 పేజీలుంది, అక్కడ కొట్టుకోండి.

రిటైర్డ్_ట్రెజరీ | 11:15

కుర్రాడూ, నేను ముప్ఫై రెండేళ్లు ఖజానా శాఖలో చేసి దిగిపోయినవాణ్ని. నీ ముడి డబ్బు దగ్గర పడింది, అక్కణ్నుంచి విప్పుకురా.

చట్టసభ ఒప్పుకోకుండా ఖజానాలో రూపాయి తీయకూడదు. ఈ నియమం అమెరికాలోనూ ఉంది, మనకూ ఉంది. మన రాజ్యాంగంలో 114, 266 అధికరణలు చూడు. మరి తేడా ఎక్కడ? సభ ఒప్పుకోకపోతే ఎవరు ఇంటికి పోతారు అన్నదగ్గర.

మనకు 75(3) ప్రకారం మంత్రివర్గం లోక్‌సభకు జవాబుదారీ. బడ్జెట్ ఓడిపోయిందంటే ఆ మంత్రివర్గం మీద సభకు నమ్మకం లేదన్నట్టే, దిగిపోవాలి. ఇంకొకరు వస్తారు, లేదా ఎన్నికలు. మధ్యలో ఆఫీసు ఆగకుండా 116 అధికరణ కింద ఓటాన్ అకౌంట్ ఉంది. అంటే పూర్తి బడ్జెట్ తేలేదాకా కొన్ని నెలల ఖర్చుకు ముందే సరేననడం. అమెరికాలో అధ్యక్షుణ్ని ఎన్నుకునేది వేరు, కాంగ్రెస్‌ని ఎన్నుకునేది వేరు. పద్దు పాస్ కాకపోతే ఆయన దిగక్కర్లేదు, వీళ్లూ దిగక్కర్లేదు. ఇద్దరూ కుర్చీల్లోనే ఉంటారు, కింద గుమస్తా జీతం ఆగుతుంది.

మనవాళ్లకు అంతగా తెలియని సంగతి ఒకటి చెప్తాను. ఈ మూత వాళ్ల రాజ్యాంగంలో రాసిపెట్టింది కాదు. సభ ఇచ్చినదానికి మించి ఖర్చు చేయకూడదని 1884 నాటి చట్టం ఒకటుంది. 1980 దాకా పద్దులు ఆలస్యమైతే ‘ఇవాళ కాకపోతే రేపు ఇస్తారులే’ అని ఆఫీసులు నడుపుకునేవాళ్లు. 1980లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఆ చట్టానికి అర్థం చెబుతూ, పద్దు లేకపోతే పని ఆపాల్సిందేనన్నాడు. మరుసటేడు ప్రాణాలకూ ఆస్తులకూ సంబంధించిన పనులకు సడలింపు చెప్పాడు. అంటే ఇదంతా ఒక వకీలు గారి అభిప్రాయం మీద నిలబడ్డ ఆనవాయితీ. మా ఆఫీసులో ఇలాంటివి ‘మెమో మీద నడిచే బండి’ అనేవాళ్లం.

వర్జీనియా_వదిన | 17 నవంబరు, ఉదయం 6:20

బాబాయ్ గారూ, ఆ మెమో దెబ్బ మా ఇంట్లో పడింది.

మావారు ఒక ఫెడరల్ ఆఫీసుకు కాంట్రాక్టరు. ఇది చాలామందికి తెలీదు: ఫెడరల్ ఉద్యోగులకు ఆగిన జీతం తర్వాత ఇచ్చితీరాలని 2019లో చట్టం చేశారు. కాంట్రాక్టర్లకు అది వర్తించదు. పోయినవి పోయినట్టే. అక్టోబరు 1న మెయిల్ వచ్చింది, ‘మళ్లీ చెప్పేదాకా పనికి రావద్దు’ అని. ఉన్న సెలవులన్నీ వాడేశారు, తర్వాత జీతం లేదు. సంక్రాంతికి ఇండియా రావాలని దాచిన డబ్బులు ఇంటి లోన్‌కి పోయాయి.

మా చెల్లెలి టెన్షన్ ఇంకో రకం. తనది హెచ్-1బీ, ఉద్యోగం మారాలి. ఇమిగ్రేషన్ ఆఫీసు మన ఫీజులతోనే నడుస్తుంది కాబట్టి తెరిచే ఉంది. కానీ దానికంటే ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి ఎల్‌సీఏ (జీతం, పని షరతుల మీద ఇచ్చే ఆమోద పత్రం) రావాలి, ఆ డిపార్ట్‌మెంట్ మూత! వెబ్‌సైటే పనిచేయలేదు. అక్టోబరు చివర్లో ఆ ఒక్క విభాగం మళ్లీ తెరిచేదాకా అందరం క్యాలెండర్ చూసుకుంటూ కూర్చున్నాం.

విమానాలు నడిపించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు జీతం లేకుండా డ్యూటీ చేశారు. చివరికి మనుషులు చాలక నవంబరు 7 నుంచి 40 ఎయిర్‌పోర్టుల్లో విమానాలు తగ్గించారు. ఇవన్నీ జరుగుతుంటే కాంగ్రెస్ సభ్యుల జీతాలు మాత్రం ఆగవు. అవి రాజ్యాంగం ప్రకారం వస్తాయట. నాకు కాలింది అక్కడే.

సూటిగా_చెప్తా | 8:05

వదిన గారూ, మీ కష్టం కాదనను. కానీ ఒక్క 43 రోజులు చూపించి పద్ధతినే తప్పంటే ఎలా? మన దగ్గర 1999లో ఏమైంది? ఒక్క ఓటు! 269కి 270. వాజ్‌పేయి ప్రభుత్వం పోయింది, అక్టోబరు దాకా దేశానికి దిక్కులేదు. అమెరికాలో అయితే అలా కుదిరేదా?

రిటైర్డ్_ట్రెజరీ | 9:30

దిక్కులేదా! నాయనా, ఆ ‘దిక్కులేని’ ఆర్నెల్లలోనే కార్గిల్ యుద్ధం జరిగింది.

ఏప్రిల్ 17న ఓడారు. అప్పుడు స్పీకర్ మన అమలాపురం బాలయోగి గారు. నెలాఖరులోపే లోక్‌సభ రద్దయింది. రద్దయ్యే ముందు, పడగొట్టినవాళ్లూ పడినవాళ్లూ కలిసి ఆ ఏటి బడ్జెట్‌ని చర్చ లేకుండానే పాస్ చేశారు. మా ఖజానాలో ఒక్క బిల్లు ఆగలేదు. మే నుంచి జులై దాకా యుద్ధం నడిపింది ఆపద్ధర్మ మంత్రివర్గమే. అక్టోబరు 13న వాజ్‌పేయి మళ్లీ ప్రమాణం చేశారు.

ఇంకొకటి, కుర్రాడు రాసుకో. రాష్ట్రంలో ప్రభుత్వం లేకపోతే 356 కింద రాష్ట్రపతి పాలన పెట్టొచ్చు. మనకు 1973లో జై ఆంధ్ర రోజుల్లో పెట్టారు, 2014 మార్చిలో పెట్టారు. కేంద్రంలో మాత్రం అలాంటిదేమీ లేదు. లోక్‌సభ రద్దయినా మంత్రివర్గం ఉండి తీరాల్సిందేనని 1971లోనే సుప్రీంకోర్టు యు.ఎన్.ఆర్. రావు కేసులో తేల్చింది. రాష్ట్రపతి ఒంటరిగా నడపడానికి వీల్లేదు.

సిడ్నీ_సీమోడు | 10:10

బాబాయ్ గారి సూత్రానికి ఒక చిక్కు ప్రశ్న. పార్లమెంటరీ విధానంలోనే ఉండి, కింది సభలో మెజారిటీ ఉండి, పైసభ డబ్బు ఆపేస్తే?

మా ఆస్ట్రేలియాలో 1975లో ఇదే జరిగింది. గాఫ్ విట్లమ్ ప్రధాని. సెనేట్ పద్దులు పాస్ చేయకుండా అట్టిపెట్టింది. మన రాజ్యసభ ద్రవ్య బిల్లును 14 రోజులకు మించి ఆపలేదు కదా, ఇక్కడి సెనేట్‌కి అలాంటి కట్టు లేదు. ఖజానా అడుగంటే రోజు దగ్గర పడుతోంది. నవంబరు 11న గవర్నర్ జనరల్ జాన్ కెర్ ప్రధానిని పిలిచి పదవి పీకేశాడు! ప్రతిపక్ష నాయకుడు మాల్కం ఫ్రేజర్‌ని ఆపద్ధర్మ ప్రధాని చేశాడు. ఆ మధ్యాహ్నమే సెనేట్ పద్దులు వదిలేసింది. డిసెంబరు 13న ఎన్నికలు పెడితే ఫ్రేజరే గెలిచాడు. విట్లమ్‌ని ఆ పద్ధతిలో తీసేయడం న్యాయమా అన్యాయమా అని ఇక్కడ పెద్దవాళ్లు ఇప్పటికీ కొట్లాడుకుంటారు. మొన్న 11వ తేదీకి యాభయ్యేళ్లు నిండాయి.

నా దృష్టిలో అది దారుణం. ఎవరూ ఎన్నుకోని మనిషి, ఎన్నికైన ప్రధానిని తీసేయడం. అయితే గుమస్తా జీతం ఆగలేదు, అదీ నిజం.

రిటైర్డ్_ట్రెజరీ | 10:34

సీమోడా, బాగా పట్టావు. నేను ‘సభ’ అని ఊరికే అనేశాను. డబ్బు విషయంలో ఏ సభ మాట చివరిదో కూడా చూడాలి.

పాలమూరు_బండి | 10:50

స్విట్జర్లాండ్ సంగతి ఎవరూ ఎత్తలేదే. ఆడ ప్రధాని లేడు, అధ్యక్షుడు ఏడాదికొకడు మారుతడు. ఏడుగురు మంత్రులు, నాలుగు పెద్ద పార్టీలు, అందరూ సర్కార్లనే. అవిశ్వాసమే లేదు. 1848 నుంచి ఇప్పటిదాకా కుర్చీలో ఉండి మళ్లీ ఎన్నిక కాకుండా ఓడినోళ్లు నలుగురేనట. మరి ప్రతిపక్షం ఎవరంటే, జనమే. వంద రోజుల్ల 50 వేల సంతకాలు తెస్తే పార్లమెంటు చేసిన చట్టం మీద ఓటింగ్ పెట్టాలె. 2012ల ‘అందరికీ ఆరు వారాల జీతం సెలవు ఇయ్యాల్నా’ అని అడిగితే జనమే వద్దన్నరు. మా ఆఫీసుల అడిగి చూడుండ్రి, ఏమొస్తదో.

కృష్ణలంక_కుర్రాడు | 11:20

జర్మనీ కూడా కలపండి అన్నా. ‘నిర్మాణాత్మక అవిశ్వాసం’ అని బిట్ వస్తుంది, దాని అర్థమేంటి?

ఘెంట్_గుంటూరోడు | మధ్యాహ్నం 1:05

పడగొట్టేవాళ్లు, తర్వాత ఎవరో పేరు ముందే చెప్పి, ఆ పేరుకు మెజారిటీ చూపించాలి. ఊరికే ‘నువ్వు దిగు’ అంటే కుదరదు. 1933కి ముందు వాళ్ల పార్లమెంటులో కలిసి పడగొట్టడానికి అందరూ రెడీ, కలిసి నిలబెట్టడానికి ఎవరూ లేరు. ఆ అనుభవంతో 67వ అధికరణ రాసుకున్నారు. ఇప్పటికి ఒక్కసారే నెగ్గింది, 1982 అక్టోబరు 1న ఛాన్సలర్ (అంటే వాళ్ల ప్రధాని) ష్మిట్‌ను దించి కోల్‌ని ఎక్కించినప్పుడు. 1972లో అప్పటి ఛాన్సలర్ విలీ బ్రాంట్ మీద పెడితే రెండు ఓట్లతో తప్పిపోయింది. స్పెయిన్‌లో 2018లో ప్రధాని రహోయ్ పోయి శాంచెజ్ వచ్చింది కూడా ఈ పద్ధతిలోనే.

అది మనకు 1999లో ఉండుంటే? 270 మంది వద్దన్నారు సరే, ఎవరు కావాలంటే ఆ 270 ఒక్క పేరు మీద నిలబడేవాళ్లా? అప్పుడు నిలబడలేదన్నది మనకు తెలిసిందే.

ఇక ఆ 541 రోజుల గురించి ఇంకో ముక్క. ఇక్కడి జనం మొదట్లో జోకులేసుకున్నారు. ప్రభుత్వం ఏర్పడకుండా గడిపిన రోజుల్లో 249వ రోజు ఇరాక్ రికార్డు దాటామని, 2011 ఫిబ్రవరి 17న మా ఘెంట్ నడిబొడ్డున 249 మంది ఆ చలిలో బట్టలు విప్పి లోదుస్తులతో నిలబడ్డారు. వేరే ఊళ్లో ఫ్రైస్ ఉచితంగా పంచారు. ఖర్చులకైతే, కిందటేడు బడ్జెట్‌లో పన్నెండో వంతు చొప్పున నెలనెలా వాడుకునే ఏర్పాటుంది. తర్వాత రాజు అడిగితే ఆ ఆపద్ధర్మ ప్రభుత్వమే 2011 బడ్జెట్ కూడా తయారుచేసింది.

అలాగని ఏమీ పోలేదనుకోకండి. పింఛను వయసు, అప్పు తగ్గించడం లాంటి కష్టమైన నిర్ణయాలు అన్నాళ్లూ మూలపడ్డాయి. 2011 నవంబరు 25న రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ దేశం అప్పు రేటింగ్ తగ్గించింది, అంటే అప్పు మీద వడ్డీ పెరిగే భయం. ఏడాదిన్నర తెగని బేరం, ఆ మర్నాడే బడ్జెట్ మీద తెగింది! పది రోజుల్లో ఎలియో డి రూపో ప్రధాని అయ్యాడు. రాజుకు లొంగనివాళ్లు వడ్డీ రేటుకు లొంగారు.

బ్రసెల్స్ ప్రాంతానికి కూడా 2024 జూన్ ఎన్నికల నుంచి 2025 నవంబరు దాకా కొత్త ప్రభుత్వం రాలేదు. చూస్తుంటే 541 దాటేలాగే ఉన్నారు.

రిటైర్డ్_ట్రెజరీ | 1:40

పన్నెండో వంతు! ఎంత చక్కటి పద్ధతి. కొత్త పనికి పైసా రాదు, పాత పని ఆగదు.

జగిత్యాల_టు_జహ్రా | సాయంత్రం 7:15

అన్నలూ, డ్యూటీ దిగి ఇప్పుడే చదివిన. నేను కువైట్‌ల పదమూడేండ్ల సంది ఉంటున్న. ఇక్కడి ముచ్చట వేరు.

గల్ఫ్ అంటే అంతా రాజులే అనుకుంటరు, కానీ కువైట్‌కి 1962 నుంచి రాజ్యాంగం ఉంది, 50 మందిని జనం ఎన్నుకునే మజ్లిస్ ఉండేది. మంత్రులను నిలబెట్టి అడిగేటోళ్లు. నేను వచ్చినంక ఎన్నిసార్లు మంత్రివర్గం రాజీనామా చేసిందో లెక్క మర్చిపోయిన. క్యాంపుల టీవీల చూసి ‘మళ్ల పోయింది’ అనుకునేటోళ్లం, పొద్దున లేచి పనికి పోయేటోళ్లం. 2024 మేల అమీర్ మజ్లిస్‌ని రద్దు చేసి, రాజ్యాంగంల కొన్ని అధికరణలను నాలుగేండ్ల దాకా ఆపేసిండు. ఆ రోజు కూడా మేం పనికే పోయినం.

మాకు సర్కారంటే ఆకామా (ఇక్కడ ఉండే పర్మిట్) కొట్టే ఆఫీసు. 2024ల ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఇస్తే ఖల్లివల్లి అయినోళ్లు, అంటే కంపెనీ విడిచి కాగితాల్లేకుండ ఉన్నోళ్లు, మా రూంలనే ఇద్దరు ఔట్‌పాస్ (ఇంటికి పోనిచ్చే కాగితం) మీద ఇంటికి పోయిండ్రు. 2025 జులై నుంచి 18 నంబరు (ప్రైవేటు కంపెనీ) ఆకామా ఉన్నోళ్లు దేశం దాటాలంటే కంపెనీ నుంచి ఎగ్జిట్ పర్మిట్ ఉండాలె. ఇవన్నీ ఏ సభల ఓటుకు పెట్టిండ్రు? మజ్లిస్ ఉన్నప్పుడు కూడా మా ఓటు లేదు గదా.

ఒక మాట అడుగుత. అరబ్బీల ‘హుకూమా’ అంటే మంత్రివర్గం, ‘దౌలా’ అంటే రాజ్యం. ఇక్కడోళ్లు రెండూ వేరువేరుగ వాడుతరు. తెలుగుల మనం రెండింటికీ ‘ప్రభుత్వం’ అనే అంటున్నం. ఆ తమ్ముని తికమక అందుకేనేమో?

ఘెంట్_గుంటూరోడు | 7:50

అన్నా, ఇది నాకు ఇన్నేళ్లలో తట్టలేదు! డచ్‌లో కూడా రెండు మాటలున్నాయి. మంత్రివర్గాన్ని ‘రెఖేరింగ్’ అంటారు. పన్ను కట్టించుకునేది, పింఛను ఇచ్చేది, బడి నడిపేది ‘ఓవర్‌హైట్’. ఇక్కడ 541 రోజులు లేనిది మొదటిది. అమెరికా వాళ్లు ‘గవర్నమెంట్’ అనేది రెండోదాన్ని, మొదటిదాన్ని ‘అడ్మినిస్ట్రేషన్’ అంటారు. అందుకే వాళ్లది మూతపడింది అంటే ఆఫీసు మూతపడిందని.

పాలమూరు_బండి | 8:02

తెలుగుల లేదనకుండ్రి. సర్కారు బడి, సర్కారు దవాఖాన, సర్కారు నౌకరి అంటం. ప్రభుత్వం పడిపోయినప్పుడు ‘సర్కారు దవాఖాన పడిపోయింది’ అని ఎవరన్న అన్నరా?

రిటైర్డ్_ట్రెజరీ | 8:20

మా కోస్తాలోనూ ‘సర్కారు వారి పాట’ అనే వేలం వేస్తాం. మంత్రివర్గం మారిందని ఆ పాట ఆపిన తహసీల్దారును నేనైతే చూడలేదు.

సూటిగా_చెప్తా | 8:45

సరే, ఒక మెట్టు దిగుతా. అమెరికా పద్ధతిలో మనిషి కదలడు, ఆఫీసు ఆగుతుంది అంటున్నారు. కానీ ఫ్రాన్స్ చూడండి. అధ్యక్షుడూ ఉన్నాడు, ప్రధానీ ఉన్నాడు, రెండూ కలిపి పెట్టుకున్నారు. ప్రధాని బార్నియే 2024 డిసెంబరులో పడ్డాడు, ఆయన తర్వాతి బేరూ 2025 సెప్టెంబరులో పడ్డాడు. తర్వాత లెకోర్ను 27 రోజులకే రాజీనామా చేసి, నాలుగు రోజుల్లో మళ్లీ ఆయనే ప్రధాని! దీన్ని ఏ పట్టికలో వేస్తారు?

ఘెంట్_గుంటూరోడు | 9:10

పట్టికలో వేయలేం. అధ్యక్షుడు కదలడు, ప్రధాని కదులుతుంటాడు. అక్కడా డబ్బు మాత్రం ఆగలేదు. బార్నియే పడ్డాక బడ్జెట్ లేకుండానే పన్నులు వసూలు చేసుకోవడానికి డిసెంబరులోనే ప్రత్యేక చట్టం చేసుకున్నారు.

వర్జీనియా_వదిన | 9:25

అందరికీ ఏదో ఒక ప్రత్యేక చట్టమో పన్నెండో వంతో ఉంది. మాకే లేదన్నమాట. ఇప్పుడు ఇచ్చిన డబ్బు కూడా చాలా ఆఫీసులకు జనవరి 30 దాకానేనట. మావారు సూట్‌కేసు దించుదామా వద్దా అని అడుగుతున్నారు, టికెట్లు కొనలేదు ఇంకా.

కృష్ణలంక_కుర్రాడు | 10:02

అందరికీ థాంక్స్. జగిత్యాల అన్నకు ప్రత్యేకంగా. పుస్తకంలో ఆ పట్టిక పక్కన ఇంకో గడి గీసుకున్నాను: ‘డబ్బు పాస్ కాకపోతే ఎవరు ఇంటికి పోతారు?’ ఇండియా దగ్గర మంత్రివర్గం అని రాశాను, అమెరికా దగ్గర గుమస్తా అని రాశాను, ఆస్ట్రేలియా దగ్గర 1975 అని రాశాను. స్విట్జర్లాండ్ గడి ఖాళీగా ఉంది. పాలమూరు అన్నా, అక్కడ బడ్జెట్ పాస్ కాకపోతే ఏమవుతుంది?

పాలమూరు_బండి | 10:09

ఆగు తమ్మీ, అది నేనూ చూడాలె.